సముద్రం వైపు గీసిన బాణం

ఒక విషయం మొదట చూసినవాళ్లదా, దాన్ని రాసి పేరు పెట్టుకున్నవాళ్లదా? ఫిజిక్స్ చదివే రోజుల నుంచీ నాకు తేలని ప్రశ్న ఇది. మొన్న శనివారం తెల్లవారుజామునే విశాఖలో రైలెక్కించిందీ ఇదే. నాతో కలిసి పేపరు రాసిన బరంపురం ప్రొఫెసరుగారు, అందులోని తప్పంతా ల్యాబ్‌లో కొలతలు తీసిన రీసెర్చ్ విద్యార్థిని యశోదదేనని, దాన్ని అచ్చువేసిన సైన్స్ పత్రికకు ఉత్తరం రాసి, నన్నూ సంతకం పెట్టమన్నారు. పేపర్లో ఆ అమ్మాయి పేరే లేదు. తప్పు దొరికాక మాత్రం పేరు గుర్తొచ్చింది!

పదింటికి బరంపురంలో దిగి, ఎనభై రూపాయల ఆటోలో లంజిపల్లిలోని ఆయనింటికి వెళ్లాను. మా పని పొరలు పొరలుగా ఊడే ఒక స్ఫటికం మీద. టేపు అంటించి ఒలిస్తే వెంట్రుక కన్నా ఎంతో పలచని రేకులొస్తాయి. ఆ రేకులో కాంతి నిలువునా ఒకలా, అడ్డంగా మరోలా నడుస్తుంది. అతి చిన్న పరికరాల్లో కాంతిని కోరిన దారిన పంపడానికి ఆ తేడాయే ఆధారం. పేపర్లో ఆ నిలువూ అడ్డమూ తారుమారయ్యాయి. "ఆ పిల్లకి దిక్కులే తెలీవండీ" అని ఆయన నవ్వారు. ఆయన పెట్టించిన ఇడ్లీ తిన్నాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అక్కణ్ణుంచి రానూపోనూ ఎనిమిది వందలకు మరో ఆటో మాట్లాడుకుని, యశోద ఊరు రామయ్యపట్నం బయల్దేరాను. ఊరి మొదట్లో దారి అడిగితే ఒకావిడ సముద్రం పక్కకి తిరగమంది. ఇక్కడ కుడీ ఎడమా అడిగితే నవ్వుతారన్నాడు డ్రైవరు.

యశోద తన నోట్‌బుక్ తెచ్చింది. రేకును అంటించిన ప్రతి గాజుపలకకీ ఒక బొమ్మ, దాని మీద ఒక బాణం, పక్కన రేకు ఆ బాణానికి ఎంత తిరిగి ఉందో లెక్క. మా పేపర్లో అచ్చయిన రేకు బాణానికి సరిగ్గా అడ్డంగా పడి ఉంది. ప్రొఫెసరుగారు బాణాన్నే రేకు నిలువు అనుకున్నారు, అంతా తారుమారైంది అక్కడే.

"బాణం సముద్రం పక్కకి మేడమ్. మరేటి పెడతాం? ఎవలూ అడగనేదు."

నేనూ అడగలేదు. పేపర్లో లెక్కలు నావి, రాసినవాళ్లలో మూడో పేరు నాది. యశోద స్కాలర్‌షిప్ మాత్రం ఆగిపోయింది. చేపలు ఎండేస్తున్న వాళ్లమ్మ తలెత్తకుండానే అడిగింది: "మా పిల్ల తప్పు సెయ్యనేదని మీరు రాసిస్తారేటమ్మా?"

రామయ్యపట్నం వెళ్లేవాళ్లు ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి, మధ్యాహ్నం దాటితే అక్కడ దొరకదు. తిరిగొచ్చే దారిపొడవునా కోపంగానే ఉన్నాను. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టను, అంతవరకు తేలింది. కానీ పేపర్లోంచి నా పేరు తీయించుకుంటే, లోపల ఉండి దాన్ని సరిదిద్దమనే హక్కు పోతుంది. ఉంచుకుంటే నేనూ ఆయన పక్కనే నిలబడినట్టు. ఏది చెయ్యాలో ఇది రాస్తున్నప్పటికీ నాకు తెలియడం లేదు.