పరదా బండిలో ఈరమ్మ

1351 ఫసలీలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1942లో, నేను గద్వాలలో ఒక బాలికల పాఠశాలలో రెండో పంతులమ్మగా పనిచేస్తున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. బడి అంటే ఒక పాత ఇంట్లో రెండు గదులు, ఒక వసారా. నాలుగు జమాతులు, ముప్ఫైమందికి పైగా పిల్లలు. తరగతిని జమాతు అనేవాళ్ళం. నిజాం సర్కారు కాగితాలు ఉర్దూలో ఉండడం వల్ల మా నోట కూడా అవే మాటలు నిలిచిపోయాయి.

మా బడికి ఒక పరదా బండి ఉండేది. గూడుబండి వెనకభాగానికి దళసరి గుడ్డ రెండు పొరలుగా కట్టి, పిల్లలను ఇంటింటి దగ్గర ఎక్కించుకుని బడికి తెచ్చేవారు, సాయంత్రం మళ్ళీ దించి వచ్చేవారు. ఆ గుడ్డ లేకపోతే వకీళ్ళ ఇళ్ళవాళ్ళు, షావుకార్లు, పరదా పాటించే ముస్లిం కుటుంబాలు ఎవరూ ఆడపిల్లలను పంపరు. బండి ఆగితే సగం బడి ఆగినట్టే. పిల్లల వెంట వెళ్ళే ఆయా పేరు చాంద్‌బీ, యాభై దాటిన వితంతువు.

ఈరమ్మ మూడో జమాతు. మిగతావాళ్ళకు ఎనిమిది, తొమ్మిదేళ్ళుంటే ఆమెకు పన్నెండు. తల్లి నేతగాళ్ళ ఇళ్ళలో కండెలు చుట్టేది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి రెండేళ్ళు బడి మాని, మళ్ళీ వచ్చింది.

పిల్లల కొట్లాటలు రాసిపెట్టమని పెద్దపంతులమ్మ నాకు ఒక నోటుబుక్కు ఇచ్చింది. నేను పదిమందిలో మాట్లాడలేను గాని రాయమంటే రాస్తాను. వానాకాలం సగమయ్యేసరికి ఆ బుక్కులో ఈరమ్మ పేరు పదకొండుసార్లు ఉంది. గిచ్చింది. మోచేత్తో పొడిచింది. మోకాలితో తన్నింది. పదకొండోసారి వకీలుగారి అమ్మాయి అనసూయను పలకతో కొట్టింది. పలక చట్రం తగిలి అనసూయ చూపుడువేలు వాచింది.

రెండు రోజుల తర్వాత, శనివారం పొద్దున్నే వకీలుగారు వచ్చి బడి వాకిట్లో నిలబడ్డారు.

"నా బిడ్డను చదువుకోనీకె పంపుతున్ననా, తన్నులు తిననీకె పంపుతున్ననా? గురువారం దనుక చూస్త. ఆ పిల్ల ఇంకా బండిల ఉంటే మా వాడకట్టుకెల్లి ఒక్క పిల్ల గూడ ఎక్కది."

ఆయన వెళ్ళాక పెద్దపంతులమ్మ నన్ను పిలిచింది. "ఖారిజ్ చేయక తప్పదు. నీ బుక్కులకెల్లి ఈరమ్మ సంగతులన్నీ నకలు తియ్. మొహతమీం సాహెబుకు పంపాలె."

ఖారిజ్ అంటే హాజరుపట్టీలోంచి పేరు కొట్టేయడం. మొహతమీం అంటే జిల్లా బడులను తనిఖీ చేసే అధికారి. ఆయన దాకా ఇలాంటి కాగితం వెళ్ళిన పిల్లను మరో బడి కూడా చేర్చుకోదు. పన్నెండేళ్ళ పిల్లకు చదువు అక్కడితో సరి.

మధ్యాహ్నం పిల్లలు సద్దులు తింటుంటే నేను నకలు తీయడం మొదలుపెట్టాను. నా రాత ఎప్పుడూ లేనంత ముద్దుగా వస్తోంది. అది చూసి నాకే భయం వేసింది. ఆరో సంగతి రాస్తుండగా కలం ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివాను. బండిలో, బండిలో, బండిలో. పదకొండూ బండిలోనే. తరగతిలో ఒక్కటి లేదు. వసారాలో ఒక్కటి లేదు. పైగా నేను కళ్ళారా చూసింది ఒక్కటీ లేదు. బండి దిగిన పిల్లలు ఏం చెబితే అది రాశాను.

ఈరమ్మను పిలిచాను.

"అనసూయను ఎందుకు కొట్టినవ్?"

"కొట్టిన."

"అదే, ఎందుకని?"

"చెయ్యి బయట పెట్టింది."

"పెడితే ఏమైతది?"

ఆమె వసారాలో వక్క కొరుకుతున్న చాంద్‌బీ వైపు చూసింది. తర్వాత తలొంచుకుని, "నా పేరు కొట్టేస్తరా పంతులమ్మా? కొట్టేస్తే మా అమ్మకు మీరే చెప్పుర్రి. నేను చెప్పలేను," అంది.

ఆ సాయంత్రం నేను బండి ఎక్కాను. నేనుండే మా అన్న ఇల్లు బడికి రెండు సందుల దూరం, బండి పోయేది అవతలి దిక్కుకు. పిల్లల ఇళ్ళ జాడ రాసుకోవాలని సాకు చెప్పాను. దిగాక ఒక్కదాన్నే బజారు మీదుగా నడిచి రావాలి. దారి పొడుగునా నాకు ఆ భయమే. ఆ రోజు పిల్లలు ఒక్కరూ నోరు విప్పలేదు. మా బడికి సెలవు శుక్రవారం; మర్నాడు ఆదివారం మళ్ళీ ఎక్కితే నేనున్న సంగతి మరిచిపోయారు. నన్ను మరిచిపోవడం ఎవరికైనా తేలికే.

బండి లోపల చీకటి, ఉక్క. పన్నెండుమంది పిల్లలు. చాంద్‌బీ ముందర తోలేవాని పక్కన కూర్చుంది. అందరికన్నా వెనక ఈరమ్మ కూర్చుని, ఒళ్ళో పలక పెట్టుకుని, గుడ్డ రెండు అంచులను రెండు పిడికిళ్ళతో కలిపి పట్టుకుంది. బజారు దగ్గరపడింది. గాజులవాని కేక, జట్కా గంట వినపడగానే పిల్లలంతా వెనక్కి పాకారు.

"ఈరీ, జర జరుగవే! గాజులు చూడనియ్."

"వద్దు."

"నీ అయ్య బండా ఇది?"

"వద్దంటున్న గద! చాంద్‌బీ చూస్తది."

అనసూయ చెల్లెలు రుక్కు, ఏడేళ్ళ పిల్ల, ఈరమ్మ చంక కిందినుంచి వేలు పోనిచ్చి గుడ్డ ఎత్తింది. ఈరమ్మ మోచేత్తో ఆ చేతిమీద కొట్టింది. రుక్కు కెవ్వుమంది. ముందునుంచి చాంద్‌బీ తల కూడా తిప్పకుండా అరిచింది. "ఈరీ! పరదా!"

"పట్టుకున్న, పట్టుకున్న!"

ఆ గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. రెండు చేతులూ గుడ్డకే సరిపోతాయి. ఇక పిల్లలను ఆపడానికి ఆమెకు మిగిలింది మోచేయి, మోకాలు, ఒళ్ళోని పలక. నా బుక్కులో పదకొండుసార్లు రాసింది ఇదే.

చివర ఈరమ్మ దిగిపోయాక చాంద్‌బీని అడిగాను. మొదట కసురుకుంది, తర్వాత చెప్పింది.

"వెనక కూసుంటే కుదుపులకు నా మోకాళ్ళు లేవయ్ బేటీ. పోయినేడు గాలికి పరదా జరిగిందని ఒక ఇంటోళ్ళు ఎంత లొల్లి చేసిన్రు! నన్నే తీసేస్తమన్నరు. ఇది పెద్దపిల్ల, బలమున్నది. పట్టుకో, పరదా తెరుచుకుంటే ముందు నీ పేరే కొట్టేస్తరు అన్న. భయముంటేనే గద గట్టిగ పట్టుకుంటది."

"ఈ సంగతి నేను పెద్దపంతులమ్మకు చెప్పాలి, చాంద్‌బీ."

"చెప్పు. నా నౌకరీ పోతది. మల్ల నీ నోట్లెకెల్లి మాట వస్తదా అని నా శక్."

ఆమె ఎగతాళిగా అన్నా, నా అనుమానం కూడా అదే. చెబితే చాంద్‌బీ పోతుంది, చెప్పకపోతే ఈరమ్మ పోతుంది. చదివిన పుస్తకాల్లో ఇలాంటిచోట ఎవరో ఒకరు లేచి గట్టిగా నిజం చెప్పేస్తారు. నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి చెప్పవలసినవి ఒక కాగితం మీద రాసుకున్నాను.

గురువారం వకీలుగారు వచ్చారు. పెద్దపంతులమ్మ నకలు కోసం చెయ్యి చాపింది. సగం రాసిన నకలు ఆమె చేతిలో పెట్టి, నేను నా కాగితం తీసి, తల ఎత్తకుండా చదివాను. బండిలో చూసింది చదివాను. గుడ్డ పట్టే పని పిల్లకు అప్పజెప్పింది బడి అని చదివాను. చూడకుండా పదకొండుసార్లు రాసిన తప్పు నాదని చదివాను. చాంద్‌బీ చెప్పిన బెదిరింపు మాత్రం చదవలేదు. ఆయా మోకాళ్ళు బాగాలేవు, వెనక కూర్చోలేకపోతోంది అని మాత్రం చదివాను.

పెద్దపంతులమ్మ మొహం ఎర్రబడింది. వకీలుగారు, "అయితే నా బిడ్డ వేలు వాచిందానికి జవాబు ఎవరు?" అన్నారు.

కాగితంలో దానికి జవాబు రాసుకోలేదు.

"మేమే," అన్నాను. "ఈరమ్మ కాదు. రేపటినుంచి వెనక నేను కూర్చుంటాను."

"రేపు జుమ్మా, బడి లేదు," అన్నారాయన. నా చెవులు కాలిపోయాయి. ఆయన మాత్రం కొంచెం నవ్వారు. "పదిహేను రోజులు చూస్త పంతులమ్మా. మల్ల నా బిడ్డ ఏడ్చుకుంట వస్తే ఈసారి నేను మాట్లాడ, పంపుడే బంద్."

ఆ పదిహేను రోజులు బండి ఆగినప్పుడల్లా దిగే పిల్లల మొహాలు చూసేదాన్ని. మా అన్న బజారులో నడక ఏమిటని రెండు రోజులు కోప్పడ్డాడు. చాంద్‌బీ నాతో మాట్లాడడం మానేసింది. పరదా పట్టేది పిల్లలని తెలిసి ఒక ఇంటివాళ్ళు పిల్లను పంపడం మానేశారు, మళ్ళీ రానేలేదు. నేను వెనక కూర్చున్నాను గాని గుడ్డ నేనొక్కదాన్నే పట్టుకోలేదు. పిల్లలకు రోజుకొకరికి వంతు పెట్టాను. పట్టుకున్న పిల్ల చెయ్యి నొస్తే నాకివ్వాలి. కొట్టకూడదు. బజారు దాటాక, జనం లేనిచోట, నేనే గుడ్డ వేలెడంత తెరిచేదాన్ని. అందరూ వరసగా ఒకసారి చూడవచ్చు.

తొమ్మిదో రోజు అనసూయ వంతు. వాపు దిగిన చేత్తో గుడ్డ పట్టుకుని పెద్ద మనిషిలా కూర్చుంది. గాజులవాని దగ్గర రుక్కు మళ్ళీ వేలు పోనిచ్చింది. అనసూయ ఫట్‌మని దాని చేతిమీద కొట్టింది. కొట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని ఈరమ్మ వైపు చూసింది. నా పదిహేను రోజులు అక్కడితో అయిపోయాయనుకున్నాను.

"అమ్మో," అంది ఈరమ్మ. "నేను గింత గట్టిగ ఎన్నడు కొట్టలే గదనే!"

ముందు నవ్వింది రుక్కు, ఏడుపు మధ్యలో. తర్వాత బండి మొత్తం. అనసూయ సిగ్గుపడి, "చేతులు గుంజుతున్నయే ఈరీ, జర పట్టు," అంది. ఈరమ్మ జరిగి వచ్చి ఒక అంచు పట్టుకుంది.

పదిహేనో రోజు వకీలుగారు రాలేదు. పదహారో రోజు అక్కచెల్లెళ్ళిద్దరూ ఎప్పటిలా బండి ఎక్కారు. ఆ మర్నాడు పెద్దపంతులమ్మ సగం రాసిన నకలు కాగితం నాకు తిరిగి ఇచ్చింది. ఈరమ్మ రెండేళ్ళ తర్వాత నాలుగో జమాతు పూర్తిచేసింది.

ఇప్పటికీ నా దగ్గరికి పిల్లల మీద ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. ఏం చేసింది అని వెంటనే రాయను. ఎక్కడ చేసింది, ఆ వేళ ఆమె చేతిలో ఏ పని ఉంది, అది ఎవరు పెట్టారు అని అడుగుతాను. జవాబు చాలాసార్లు మాలో ఒకరి దగ్గరికి వస్తుంది. కొన్నిసార్లు నా దగ్గరికే వస్తుంది.