యాదమ్మ టీచరింటి రంగులు

మొన్న కొత్తపేటలో మెట్రో మెట్లు దిగుతుంటే పక్క దుకాణంలోంచి తడి లప్పం వాసన వచ్చింది. రంగు వేసే ముందు గోడను నున్నగా చేయడానికి పూసే తెల్లటి ముద్దను ఇక్కడ లప్పం అంటారు. కొంచెం సుద్దముక్కలా, కొంచెం వాన పడ్డ సిమెంటులా ఉండే ఆ చల్లని వాసనకు నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. వెనక వస్తున్నవాళ్లు నన్ను తప్పించుకుని వెళ్లిపోతున్నారు. నేను మాత్రం సరూర్‌నగర్‌లో, ఇంకా రంగులు వేయని ఒక ఇంట్లో, మధ్యాహ్నపు ఎండ గోడ మీదికి మెల్లగా పాకుతుండగా, మా అత్తమ్మ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాను.

అత్తమ్మ పేరు యాదమ్మ. ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేది. కాలనీలో కూరగాయల బండివాడి దగ్గర్నుంచి అందరికీ యాదమ్మ టీచరే. నల్గొండ పల్లె నుంచి మామయ్యతో కలిసి వచ్చి, ఏళ్ల తరబడి కిరాయి ఇళ్లలో ఉండి, చివరికి చెరువుకు కాస్త దూరంలో ఈ ఇల్లు కట్టుకున్నారు. గోడలు లేచాయి, పైకప్పు పడింది. రంగులు వేసేలోపే మామయ్య పోయాడు. ఆ తర్వాత ఆమె ఇంటిని అలాగే బూడిద రంగు సిమెంటుతో ఉంచేసింది. నేను తెనాలి దగ్గరి పిల్లని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో భౌతికశాస్త్రం చెబుతూ, పక్క గదిలో లెక్కలు చెప్పే ఆమె పెద్దకొడుకు శ్రీనివాస్‌ని పెళ్లి చేసుకుని ఆ ఇంటికి వచ్చాను. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉంది. రోడ్డు మీద నోరు విప్పితే నా యాస నాకే పెద్దగా వినిపించేది.

వచ్చిన కొత్తలోనే అత్తమ్మ నన్ను హాల్లోకి పిలిచి, "కోడలొచ్చినంక రంగులేయిద్దామని ఇన్నేండ్లు ఆపిన. చెప్పు బిడ్డా, ఏ రంగులేద్దాం?" అంది.

"మీ ఇష్టం అత్తయ్యగారూ."

"నా ఇష్టమే అయితే నిన్నెందుకు అడుగుత?"

నేను నవ్వి, మీరేది వేయించినా సరే అన్నాను. ఆ ఇంట్లో నాకు తెలిసిన మర్యాద అదొక్కటే. కూరలో కారం ఎక్కువైనా బాగుందన్నాను, నచ్చని చీర పెట్టినా బాగుందన్నాను. శ్రీనివాస్ తెలుపు చాలన్నాడు. విద్యార్థుల ఊరేగింపులన్నిటిలో ముందుండే మరిది నవీన్ తన గదివైపు చూపిస్తూ, "నా అర్రకు గులాబి" అన్నాడు. అత్తమ్మ హాలు మధ్యలో నిలబడి మమ్మల్నందరినీ చూసింది. "జర ఇక్కడికొచ్చి నిలవడుండ్రి. ఇక్కడికెల్లి వంటిల్లు, మీ అర్ర, వీని అర్ర, దేవునర్ర అన్నీ కనవడ్తయి. ఒక్కొక్కటి ఒక్కొక్క మాట మాట్లాడితే మనం ఉండేది ఎట్ల? ఇల్లంతా ఒక్కటే మాట మాట్లాడాలె. గొంతు మాత్రం ఎవరిది వాళ్లదే ఉండనీ."

రంగులేసే సాయిలు వచ్చి గోడలకు లప్పం పట్టించి, ప్రతి గదిలో నాలుగైదు రంగుల ముక్కలు నమూనాగా పూసి, చూసి చెప్పమని ఊరికి వెళ్లాడు. అంతలోనే ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతబడ్డాయి, మా కోచింగ్ సెంటరు షట్టరు కూడా దిగింది. సాయిలు తిరిగి రాలేకపోయాడు. మేము ఆ మచ్చల గోడల మధ్య ఉండిపోయాం.

ఇప్పుడు తలచుకుంటే అవి నా జీవితంలోకెల్లా మెత్తని రోజులు. అత్తమ్మ పొద్దున్నే టీచర్ల సమ్మె శిబిరానికి వెళ్లి కూర్చునేది. మధ్యాహ్నం ఎండకు ఎర్రబడిన ముఖంతో వచ్చి, అన్నం తిని, చాప తీసుకుని ఒక గదిలో పరిచేది. ఇద్దరం గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లం. బస్సుల మోత లేని రోడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. దూరంగా ఎక్కడో డప్పు, నినాదం, ఆ తర్వాత కిటికీ మీద పావురం రెక్కల చప్పుడు. ఎండతో పాటే మేమూ చాప జరుపుకుంటూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లేవాళ్లం. పొద్దున వెన్నలా ఉన్న ముక్క మధ్యాహ్నానికి సున్నంలా వెలిసిపోయేది. లేత నీలం సాయంత్రమయ్యేసరికి పొగలా మారి గోడలోంచి లేచి గాల్లో తేలుతున్నట్టుండేది. కరెంటు పోతే దీపం పెట్టుకుని మళ్లీ చూసేవాళ్లం. "తొందరేముంది? మనిషినైనా ఒక్క పూట చూసి తెలుసుకుంటమా?" అనేది అత్తమ్మ. చూసి చూసి నాకు కళ్లు మూతలు పడేవి. లేచేసరికి తల కింద దిండు ఉండేది.

అన్ని గదుల్లోనూ ఆమె కళ్లు ఆగేది ఒక్క రంగు దగ్గరే. లేత పెసర పచ్చ. "ఇల్లంతా ఇది ఏయిద్దామా?" అని అడిగినప్పుడల్లా, "చాలా బాగుంటుంది అత్తయ్యగారూ" అనేదాన్ని. నిజానికి మధ్యాహ్నం వేళ ఆ పచ్చ మధ్య కూర్చుంటే నాకు చెరువు అడుగున ఉన్నట్టు ఊపిరాడేది కాదు.

బతుకమ్మ పండక్కి అత్తమ్మ ఆడబిడ్డ హయత్‌నగర్ నుంచి ఆటోలో వచ్చింది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. హాల్లోంచి ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది. "ఏంది వదినా, పొద్దుందాక పోయి సమ్మెల కూసుంటవ్, ఇంటికొచ్చి ఆంధ్ర పిల్లను రంగులడుగుతున్నవా? మా అన్న కట్టిన ఇల్లిది."

టీ పొంగి స్టవ్వు మీద పడింది. దాన్ని తుడవాలని కూడా తోచలేదు. అత్తమ్మ బదులిచ్చేలోపే నేను మనసులో నా బట్టలన్నీ సర్దేసుకున్నాను.

"మీ అన్న కట్టిన ఇల్లే," అంది అత్తమ్మ. "అండ్ల ఉండేది మాత్రం ఆమె. నేను కొట్లాడేది మన కొలువుల కోసం, మన నీళ్ల కోసం. ఇంట్ల పిల్లతోని నాకేం కొట్లాట? టీ తాగి, నువ్వు గూడ ఆ గోడ చూసి చెప్పు."

ఆడబిడ్డ వెళ్లాక నేను గదిలోంచి బయటికి రాలేదు. సాయంత్రం అత్తమ్మే చాప పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. పడమటి వెలుగు ఆ పచ్చ ముక్క మీద పడుతోంది.

"విన్నవు గద."

తలూపాను.

"నన్ను ఒక్కటి అడగనీ. నిజం చెప్పు. ఈ పచ్చరంగు నీకు నచ్చిందా?"

ఎప్పటిలాగే నచ్చిందని చెప్పబోయాను. కానీ కొద్దిసేపటి క్రితం నా కోసం ఒక మనిషి తన సొంతవాళ్లకు ఎదురు చెప్పింది. ఆమెకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"లేదు అత్తమ్మా. నచ్చలేదు."

గారు లేకుండా, ఇక్కడి కోడళ్లు పిలిచే పిలుపుతో నేను ఆమెను పిలవడం అదే మొదలు. అత్తమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాకు గూడ నచ్చలేదే! మీ మామకు ఇష్టం. ఇల్లంతా పెసర పచ్చ ఏయిస్త అంటుండె. ఆయన బోయినంక వద్దనబుద్ధి గాలే. నువ్వన్న వద్దంటవేమోనని రోజూ అడుగుతున్న!" తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఇయ్యాల్టికెల్లి నువ్వు ఈ ఇంటి దానివి. చుట్టం ఎన్నడూ నచ్చలేదనడు" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంటి రంగులు తేలిపోయాయి. జొన్నరొట్టె మీద కాలని చోట ఉండే రంగు బాగుంటుందేమో అన్నాను. ఆ ఇంటికొచ్చాకే నేను రొట్టె చేయడం నేర్చుకున్నాను. గోడలన్నిటికీ అదే. పొద్దుటి ఎండ పడే గదుల్లో కాస్త ముదురుగా, వెలుతురు తక్కువున్న గదుల్లో లేతగా. మామయ్య పెసర పచ్చ ప్రతి తలుపు చట్రానికీ, ప్రతి కిటికీకీ. నవీన్ గులాబి అతని గది తలుపుకు లోపలి వైపు. "తలుపేసుకుని నీ ఇష్టమొచ్చినంత సేపు చూసుకోరా" అంది అత్తమ్మ. బస్సులు తిరగడం మొదలయ్యాక సాయిలు వచ్చి వేశాడు. పని పూర్తయ్యాక హాల్లో నిలబడితే ఒక గది ఇంకో గదిలోకి నీళ్లలా జారిపోతున్నట్టుండేది. అత్తమ్మ ఆడబిడ్డ మళ్లీ వచ్చినప్పుడు, పచ్చటి కిటికీ చువ్వ ఒకటి పట్టుకుని చాలాసేపు బయటికి చూస్తూ నిలబడింది.

రాష్ట్రం వచ్చింది. అత్తమ్మ రిటైరయింది. కొన్నేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయింది.

ఈ మధ్య మా స్టాఫ్‌రూముకు ఆదిలాబాద్ నుంచి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. ఏ తరగతి ఇచ్చినా సరే మేడమ్, ఏ టైమైనా సరే మేడమ్. రోజూ మధ్యాహ్నం నేను ఫ్లాస్కులోంచి పోసే టీ తాగి, బాగుంది మేడమ్ అని తలూపేది. నేనూ రోజూ అడుగుతూనే ఉన్నాను, ఎలా ఉందమ్మా అని. పోయిన వారం ఆ అమ్మాయి కప్పు కింద పెట్టి, "చక్కెర మస్తు ఎక్కువ పోస్తున్నరు మేడమ్, నేను తాగలేకపోతున్న" అంది.

చెప్పేసి భయంగా నా ముఖంలోకి చూసింది. నేను కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను.