నాయిన లైటర్‌తో ముట్టించిన పసుపు పొయ్యి

మొన్న జగిత్యాలలో మా అమ్మాయి ట్రెక్కింగ్ కోసం నిప్పురవ్వలు రాల్చే చిన్న కడ్డీ కొన్నాం. దుకాణంలో గీసి చూడగానే వచ్చిన వాసనకు ఇబ్రహీంపట్నంలోని మా పసుపు చేను గుర్తొచ్చింది. నాయినలు దుబాయి నుంచి తెచ్చిన రాతి లైటర్లు మీ ఇళ్ళలోనూ ఉండేవి కదా!

నా చిన్నప్పుడు, నాయిన దుబాయిలో ఉండగా, పసుపు ఉడకబెట్టే రోజు పొద్దున్నే వాన జల్లు పడి అగ్గిపెట్టె తడిసింది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కడాయి చుట్టూ ఎదురుచూస్తున్నారు. అమ్మ కొంగుముడి విప్పి నాయిన లైటర్ తీసింది.

"దాంట్ల పెట్రోల్ లేదు కదనే?" అంది పెద్దమ్మ.

"లేకుంటె ఏంది అక్కా, కోరుట్లల కొత్త రాయి ఏయిచ్చిన. రవ్వ అస్తది."

అమ్మ డబ్బాలో పొడిగా దాచిన దూదిని పలచగా విడదీసి, లైటర్ నా చేతికిచ్చింది.

"నువ్వే కొట్టు బిడ్డా."

చక్రం తిప్పాను. రవ్వలు రాలి ఆరిపోయాయి.

"జర దగ్గరికి పెట్టు."

ఈసారి దూది అంటుకుంది. ఇద్దరం తలలు ఆనించి మెల్లగా ఊదాం. మంట లేచింది. ఆడవాళ్ళు నవ్వుతూ కట్టెలు ఎగదోశారు.

ఆ ఆదివారం ఎస్టీడీ బూత్‌కు నాయిన ఫోన్ వచ్చింది.

"పసుపు పొయ్యి నీ బిడ్డనే ముట్టిచ్చింది," అని చెప్పింది అమ్మ.

"అయితే గా లైటర్ ఇగ దానిదే," అన్నాడు నాయిన.