నాలుగువందలకు ఒకరు తక్కువ

మా అనంతకృష్ణ మావయ్యగారికి 'సుమారు' అనే మాట గిట్టదు. బందరులో లెక్కల గుమాస్తాగా రిటైరై తొమ్మిదేళ్ళయినా, ఎవరైనా ఆ మాటంటే బూతు విన్నట్టు ముఖం పెడతారు. ఆయన నాకు సొంత మావయ్యేమీ కాదు. నేను పంచాయతీ కార్యదర్శిగా చేరిన కొత్తలో జనాభా లెక్కలు రాయడం నేర్పిన మనిషి.

ఒకసారి గుడివాడలో పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి మురిసిపోతూ, "సుమారు ఐదొందల మంది వచ్చారండీ" అన్నాడు. మావయ్యగారు తాంబూలం పక్కన పెట్టి, వంటశాల వెనక్కి వెళ్ళి విస్తళ్ళు లెక్కపెట్టుకొచ్చారు.

"నాలుగువందల అరవై మూడండీ. అందులో ముగ్గురు రెండో బంతిలో కూడా కూర్చున్నారు."

ఆ ముగ్గురిలో నేనొకణ్ణి.

బస్సులో పక్కాయన తనది నాగాయలంక అంటే చాలు, "దివి తాలూకాగా ఉన్నప్పుడు పుట్టారా, మండలాలయ్యాకా?" అని మొదలుపెడతారు. ఫిర్కాలు, సమితులు, డివిజన్లు అన్నీ అయ్యేసరికి పాపం ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోతుంది. జిల్లాను విడదీసి కైకలూరును ఏలూరులో కలిపిన రోజున మావయ్యగారు అన్నం ముట్టలేదు. "ఎంతమంది వెళ్ళిపోయారో తెలుసా?" అంటూ కంచం ముందు కూర్చున్నారు.

"ఎక్కడికీ వెళ్ళలేదండీ. ఎవరిళ్ళలో వాళ్ళే ఉన్నారు, తినండి" అన్నారు ఉమామహేశ్వరి అత్తయ్యగారు.

పోయిన ఏడాది, పాలకాయతిప్ప దారిలో ఉన్న చినదిబ్బలపాలెం వాళ్ళు అంగన్‌వాడీ కావాలన్నారు. నాలుగువందల మంది ఉంటేనే ఇస్తామని, సోమవారంలోగా లెక్క పంపమని పైనుంచి కాగితం వచ్చింది. అంగన్‌వాడీ రాకపోతే పసిపిల్లలు రోజూ కాలవ దాటి పక్క ఊరికి నడవాల్సిందే. మావయ్యగారు నాకు సాయమొచ్చి ఇంటింటికీ తిరిగారు. మూడువందల తొంభై తొమ్మిది మంది తేలారు.

"నాలుగొందలని రాసేద్దామండీ, సుమారుగా" అన్నాను. ఆయన నావైపు చూడటం మానేశారు.

చేపలమ్మే చిట్టెమ్మ బతిమాలింది. "ఒక్క మడిసే గదండీ తక్కువ. మా కోడలు సాయిదుర్గకి నెలలు నిండినయ్యి. ఆ బిడ్డని గూడా ఏసేసుకోండి బాబూ."

"పుట్టనివాళ్ళను లెక్కలో వేయకూడదమ్మా" అని ఆయన బందరు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ పూట ఆయన మీద నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

ఆదివారం పొద్దున్నే బస్సులోంచి ఒక మడతమంచం, రెండు సంచులు, మూడు పచ్చడి సీసాలు, వాటి వెనకాల మావయ్యగారు దిగారు. తిన్నగా చిట్టెమ్మ ఇంటి వసారాలోకి వెళ్ళి మంచం వాల్చారు.

"ఇవాళ్టినుంచి నేనీ ఊరివాణ్ణి. ఇప్పుడు రాయవోయ్, నాలుగువందలు."

"ఎన్నాళ్ళుంటారండీ?"

"నా చోటులోకి ఇంకొకరు వచ్చేదాకా."

నేను కంగారుపడి అత్తయ్యగారికి ఫోన్ చేశాను. "బందరు జనాభా ఒకటి తగ్గింది నాయనా, ప్రాణం హాయిగా ఉంది" అన్నారావిడ. పచ్చళ్ళు కట్టిచ్చింది కూడా ఆవిడే.

లెక్క పైకి వెళ్ళింది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆయన మడతమంచం చూసి, నాలుగువందలూ సరేనని సంతకం పెట్టి వెళ్ళారు. పన్నెండో రోజున సాయిదుర్గను అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్తే, చిట్టెమ్మతోపాటు ఈయనా వెళ్ళి వరండాలో కూర్చున్నారు. మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది, ఆడపిల్లని. పుట్టిన వేళ రాసుకుందామని పెన్ను తీశాను.

"ఎన్నింటికి పుట్టిందండీ మావయ్యగారూ?"

"సుమారు పదకొండింటికి."

సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ అడిగాను.

"సుమారుగానేనోయ్" అన్నారాయన. "నర్సు తెచ్చి ముందు నా చేతుల్లోనే పెట్టింది. వాచీ చూసుకోవడం కుదరలేదు."