పెద్దసార్ చూడమన్న కోట మెట్టు

మంగళవారం పొద్దున మా పెద్దసార్ పోయారని ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు ఊపిరాడింది. పోయినవాళ్లను తలుచుకుంటూ ఇలాంటి మాట రాయకూడదేమో. కానీ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, అబద్ధంతో మొదలుపెట్టలేను.

పాత సర్వే పటాల కొలతలను ఉపగ్రహ పటానికి సరిపడేలా మార్చడం తిరుపతిలో మా ఆఫీసు పని. గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో దీనికి రెండు ఆదేశాలున్నాయి. ఒకటి లెక్కగట్టి ప్రతి చుక్కనూ సరైన చోటికి మారుస్తుంది. రెండోది కొలత పద్ధతి పేరు మాత్రం మారుస్తుంది, అంకెలు అలాగే ఉంటాయి. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. "పేరు మారిస్తే పనైపోదబ్బా, లెక్క మార్చల్ల" అని పెద్దసార్ రోజుకోసారైనా అనేవారు. మార్చాక, చంద్రగిరి కోటలో తాను నిలబడి కొలిచిన ఒక మెట్టును పటం మీద పెట్టించేవారు. ఉపగ్రహ పటంలో ఆ చుక్క సరిగ్గా మెట్టు మీదే పడితే అందరికీ టీ. పక్కకు పడితే మళ్లీ మొదటినుంచి. టీ ఆయనే పోసిచ్చేవారు, నాకు చక్కెర ఎక్కువ.

ఆయన రిటైరయ్యాక ఒకరోజు తొందరలో నేను పేరు మాత్రమే మార్చాను. మెట్టు చూడలేదు. వడమాలపేట రైతు ఒకాయన బావీ, మామిడిచెట్లూ పటంలో అడవి హద్దులోకి పోయాయి. ఖాళీ చెయ్యమని నోటీసు వెళ్లింది.

"నేను యాడికీ జరగలేదు సామీ, మీ పటమే జరిగింది" అంటూ ఆ ముసలాయన ఆఫీసు చుట్టూ తిరిగాడు. తప్పెక్కడుందో నాకు తెలుసు. చెబితే ఉద్యోగం పోతుందని భయం. మింగలేక కక్కలేక నెలలు గడిపాను.

చివరికి రైతు పెద్దసార్ ఇంటికి పోయాడు. సార్ నన్ను పిలిపించి, నేను రాసిన ఆదేశాలన్నీ చదివి, ఆ ఒక్క వరుస మీద వేలు పెట్టారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"బయమేస్తా ఉండాదా?" అన్నారు. తలూపాను.

"బుధవారం దాకా సూస్తా. నువ్వు చెప్తే సరి. లేదంటే నేనే వచ్చి చెప్తా."

మంగళవారం ఆయన గుండె ఆగింది. ఇక చెప్పేవాళ్లు లేరు. అందుకే ఆ ఊపిరి. సాయంత్రం ఆయన్ను సాగనంపి వచ్చేసరికి అది కూడా మిగల్లేదు.

బుధవారం నేను వెళ్లేసరికి రైతు ఉతికిన పంచెతో ఆఫీసు వరండాలో కూర్చున్నాడు.

"పెద్దసారు ఈపొద్దు వస్తానన్నాడు. యాడున్నాడప్పా?"

"తప్పు నాది పెద్దాయనా. పటం తప్పుగా మార్చింది నేనే" అన్నాను. సార్ పోయారన్న రెండో మాట నోటికి రాలేదు.

రైతు కొంచెం పక్కకు జరిగాడు.

"సరే. ఆయన్ని కూడా రానీ, అందరం కలిసి లోపలికి పోదాం" అంటూ, బెంచీ మీద తన పక్కనున్న ఖాళీని భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు.