చెరువు తెగిందన్న మాట

నాకు పెళ్లయి మేడ్చల్ వచ్చిన ఏడాది వానలు విపరీతంగా పడ్డాయి. యుద్ధం నడుస్తున్న రోజులు. రైలు స్టేషన్‌కు వచ్చే ఉర్దూ పేపర్లో ఎక్కడెక్కడి దేశాల సంగతులో ఉండేవట. పూట నడక దూరంలో, శామీర్‌పేటలో ఉన్న మా అమ్మ సంగతి మాత్రం గాజులమ్మే ఆమె చెబితేనే తెలిసేది. రెండు ఊళ్లూ తిరిగే ముసలామె. నన్ను బేటీ అని పిలిచేది.

ఒకరోజు ఆమె నెత్తి మీది గంప దించకుండానే వాకిట్లో నిలబడింది.

"బేటీ, శామీర్‌పేట చెరువు తెగిందంట. నేను సూడలే. బండ్లోళ్లు జెప్పిన్రు."

మా ఇల్లు ఆ చెరువు కట్ట కిందే. నాయిన పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. సాయంత్రానికి బావి దగ్గర ఆ మాట పెరిగిపోయింది. కట్ట కింది ఇళ్లు కొట్టుకుపోయాయని ఒకరు, ఊరే లేదని ఇంకొకరు. నాకు ముద్ద దిగలేదు. అత్త నా తల నిమిరి, పిల్లను తీసుకెళ్లి చూపించుకు రమ్మని మామతో చెప్పింది.

తెల్లవారి మామ బండి కట్టారు. దారిలో ఎదురైన వాళ్లనల్లా అడిగాం. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆపద చిన్నదవుతూ వచ్చింది. కట్టకు గండి పడిందన్నారు. తర్వాత గండి కాదు, చిన్న బుంగ పడితే పూడ్చేశారన్నారు. చివరికి ఒక గొర్రెల కాపరి, చెరువు నిండి అలుగు పొర్లుతోందని, అంతకు మించి ఏమీ కాలేదని చెప్పాడు.

ఇంకొంచెం ముందుకు పోయామో లేదో, బురదలో నడిచొస్తూ అమ్మ కనిపించింది. మేడ్చల్‌లో గత్తర తగిలి, వాంతులు విరేచనాలతో జనం పోతున్నారని ఎవరో చెబితే నా కోసం బయలుదేరిందట. నిజానికి మేడ్చల్‌లో చచ్చినవి రెండు మేకలే.

అమ్మ నా ముఖం, చేతులు తడిమి చూసింది.

"సల్లగున్నవా బిడ్డా?"

పొలం గట్టు మీద కూర్చుని, అమ్మ కొంగున కట్టుకొచ్చిన పేలాలు ఇద్దరం తిన్నాం. మామ ఎడ్లకు నీళ్లు తాపి వచ్చారు.

"అందరు మంచిగున్నరు గదా చెల్లె. ఇగ మేం మల్లుతం."

ఆయన తప్పేమీ లేదు. నాట్లు వదిలేసి వచ్చారు. చూడాల్సిన మనిషిని చూశాం, ఇక శామీర్‌పేట దాకా వెళ్లే పని లేదు. అక్కడి నుంచి మా కట్ట మీది తాటిచెట్లు కనబడుతున్నాయి. ఒక్క రాత్రి అమ్మ పక్కన పడుకుని వస్తానని నోటిదాకా వచ్చింది. కొత్త కోడల్ని, అడగలేకపోయాను.

దసరాకు పంపమని అమ్మే అడిగింది. చూద్దామన్నారు మామ.

బండి మళ్లింది. నేను కనుమరుగయ్యే దాకా అమ్మ బాట మధ్యలోనే నిలబడి ఉంది.

ఆ దసరాకు నన్ను పంపలేదు. మరుసటి ఏడాది కాన్పుకు వెళ్లాను. లోపలి గదిలో, అమ్మ మంచం పక్కనే ఇంకో మంచం వేసి ఉంది. నేను దసరాకు వస్తానని అమ్మ వేసిందనీ, మళ్లీ తీయలేదనీ పొరుగింటామె చెప్పింది.