ఏడో నెలలో నా కంప్యూటర్ వంతు

జ్వరం దిగి పాప ఒళ్ళు చల్లబడింది. అయినా నమ్మకం చాలక నుదుటి మీద చెయ్యి తియ్యకుండానే పాత దినపత్రిక తిరగేస్తుంటే ఓ మూల చిన్న వార్త కనబడింది: ఎంత పెద్ద యంత్రాలు కట్టినా శాస్త్రజ్ఞులు వెతుకుతున్న మరింత బరువైన కణాలు ఇంకా దొరకలేదట. నాతో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆ నాలుగు వాక్యాలూ చదివి ఉంటే, నాలాగే కాసేపు మనసులో యూనివర్సిటీ బస్సెక్కి ఉంటారు. నాది అత్తవారి మల్కాపురం నుంచి వెళ్ళే బస్సు.

పరమాణు కేంద్రకాన్ని మార్చే బలహీన బలాన్ని మోసుకుతిరిగే బరువైన కణాలు, మేం ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లోనే ఐరోపాలో దొరికాయి. వాటికంటే ఎన్నో రెట్లు బరువైన తోబుట్టువులు, అప్పటి సిద్ధాంతంలో చోటే లేనివి, ఉండవచ్చునని కొందరి ఊహ. అలాంటిది నిజంగా ఉంటే, ఇన్ని ప్రయోగాల కంట పడకుండా తప్పించుకోవడానికి కనీసం ఎంత బరువుండాలో లెక్కగట్టడమే నా ప్రాజెక్టు. అప్పటికి నాకు పెళ్ళయింది, కడుపుతో ఏడో నెల.

ఆ లెక్కంతా, అప్పటి కంప్యూటర్ చదవగలిగేలా చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద, అట్టకో పంక్తి చొప్పున ఉండేది. మూడు వందల అట్టలు వరసగా పేర్చి కంప్యూటర్ గది కిటికీలో ఇచ్చి రావాలి, ఫలితం మర్నాడు. వాటికి వరస సంఖ్యలు వేసుకోవడానికి నేను బద్ధకించాను. పురిటికి తీసుకువెళ్ళడానికి గోదావరి జిల్లా నుంచి మా నాన్న వచ్చిన రోజున, మా అత్తగారు నా పెట్టె సర్దుతూ ఆ అట్టల్ని ఎంతో శ్రద్ధగా రెండు కట్టలుగా వేరుచేసింది.

"ఓలమ్మ, ఎలకలు కొరికేసినాయనుకున్నానే! మంచియి ఓ పక్క, సెడిపోయినయి ఓ పక్క పెట్టినాను" అంది నా మొహం చూసి.

నాకు ఏడుపాగలేదు. కంప్యూటర్ దగ్గర నా వంతు రెండు రోజుల్లో ఉంది, అది తప్పితే ఆ ఏడాది పరీక్షే తప్పినట్టు. ప్రయాణానికి ఆ నెలలో మిగిలిన మంచి రోజు మర్నాడొక్కటే, ఎనిమిదో నెలలో పంపరు. ఉందో లేదో తెలియని దాని కోసం తొలి పురుడు మానుకుంటామా చెల్లెమ్మా అని నాన్న నవ్వుతూనే గట్టిగా అడిగారు.

"కడుపులోదాన్ని మాత్రం నువ్వు సూసినావేటన్నయ్యా? సూడకుండానే నాను పాత సీరలు ఉతికి మడతెట్టలేదా?" అంది అత్త. "పురుడు ఈడే పోత్తాను. వదిన్ని ఇక్కడికి పంపు."

తొలి కాన్పు అత్తింట్లోనా అని చుట్టుపక్కల చెవులు కొరుక్కున్నారు. ఆమె లెక్కచెయ్యలేదు. అక్షరం రాని ఆ మనిషి రెండు రోజులు నాతో గచ్చు మీద కూర్చుంది. నేను ఒక్కో అట్ట పై అంచున అచ్చయిన లెక్క పంక్తి చదివి ఇది మొదటి దొంతరలోది, ఇది నాలుగో దానిలోది అని చెబుతుంటే, అక్కడ పెట్టి, గాలికి ఎగరకుండా పైన చింతపండు జాడీలు, పప్పు డబ్బాలు పెట్టింది. వంగనివ్వలేదు నన్ను. అయినా ఒక అట్ట తలకిందులై, మొదటిసారి ఫలితానికి బదులు తప్పుల జాబితా వచ్చింది. కంప్యూటర్ గదిలోని ఆయన జాలిపడి మరో వంతు ఇచ్చారు.

ఆ కణం ఇంతకంటే తేలికైనది కాజాలదు అన్నంతవరకే నా ఫలితం. దానికే నాకు పట్టా వచ్చింది, తరవాత నెలన్నరకి పాప పుట్టింది. మా అమ్మ వచ్చి ఉన్నా, పథ్యమూ స్నానమూ అత్తే చూసింది. నా భయాలన్నీ తనే పడినట్టు పాప ఊపిరిని నాకంటే ముందు లేచి చూసేది.

అత్త పోయి రెండేళ్ళయింది. నేను లెక్కగట్టిన హద్దును కొత్త ప్రయోగాలు ఎప్పుడో దాటి పైకి జరిపేశాయి. యూనివర్సిటీలో ఇప్పుడు అట్టలు లేవట, తెర ముందు కూర్చుని మీటలు నొక్కితే చాలట. మంచిదే, ఆ పిల్లలు అదృష్టవంతులు. వాళ్ళ లెక్కని ఇంట్లోవాళ్ళెవరూ చెడగొట్టలేరు. పక్కన కూర్చుని బాగుచెయ్యనూ లేరు.